మూడు కేకలు

నెత్తిమీద బండ పటపటమంది.

మొలెఫి చప్పున డ్రిల్లు ఆపాడు. గనిలో మూడున్నర కిలోమీటర్ల లోతున, చెయ్యి ఆనిస్తే చుర్రుమనే రాతి మధ్య పాతికేళ్లుగా బంగారం తవ్వుతున్నవాడికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. కప్పు కూలబోతోంది. దన్నుగా పేర్చిన దుంగలకి అవతల తుమెలో ఉండాలి. పదేళ్లుగా ఇద్దరిదీ జోడీ. ఒక్క కేక వేస్తే చాలు.

గొంతు పెగల్లేదు. కాళ్లు మాత్రం కదిలాయి. ఎగువ దారిలో వంగి, పాకి, పడుతూ లేస్తూ బయటపడ్డాడు. వెనకాల గని అంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు అదిరింది. దుమ్ము అతన్ని కమ్మేసి ముందుకు పోయింది.

"తుమెలో ఏడిరా?" మేస్త్రీ మకోమా అతని భుజాలు పట్టుకుని కుదిపాడు.

"దుంగల అవతల."

"పిలవలేదా?"

"పిలిచాను. మూడుసార్లు కేకేశాను. వినిపించలేదేమో!"

ఆ మూడు అన్న లెక్క నోటికెలా వచ్చిందో మొలెఫికే తెలీదు.

అతను చూపించిన చోట పది గంటలు తవ్వారు. మనిషి లేడు. మర్నాడు దిగువ దారిలో, బండ కింద దొరికాడు. ప్రాణం ఉంది. కుడికాలు మాత్రం మోకాలి దాకా తీసెయ్యాల్సి వచ్చింది.

"చర్చిలో నువ్వు పాట ఎత్తుకుంటే చెవులు మూసుకునేవాళ్లం కదరా! మొత్తానికి నీ గొంతు ఒక మంచి పనికి వాడావు," అని తోటివాళ్లు వీపు తట్టారు. మొలెఫి నవ్వబోయాడు. నోట్లో ముద్ద దిగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా దిగలేదు.

నాలుగో రోజు ఆస్పత్రికి వెళ్లాడు. పొరుగు దేశం లెసోతో కొండల నుంచి తుమెలో భార్య మపులెంగ్ వచ్చి మంచం పక్కన కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి, తన భుజాల మీది ఉన్ని దుప్పటి తీసి అతనికి కప్పబోయింది.

"వద్దు చెల్లెమ్మా! వద్దు."

"కాదనకు అన్నా. మా అమ్మ నా పెళ్లికి కప్పిన దుప్పటి. కప్పు కూలుతుంటే ఎవరైనా ఆగుతారా? నువ్వు ఆగి మూడుసార్లు పిలిచావట."

దుప్పటి బండలా మీద పడింది. మొలెఫి మంచం వైపు చూడలేక తల దించుకున్నాడు.

"అవును, పిలిచాడు," అన్నాడు తుమెలో గోడకేసి చూస్తూ. "మూడుసార్లూ వినిపించింది. నేనే కదల్లేకపోయాను."

మొలెఫి తలెత్తి చూశాడు. వెక్కిరిస్తున్నాడా? తన పరువు కాపాడుతున్నాడా? మపులెంగ్ చారు తేవడానికి గది దాటిందో లేదో, అతను మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"కొట్టరా నన్ను! నేను పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు. నిన్ను వదిలేసి పారిపోయాను. నీ కాలు తీసింది నేనేరా. అన్నీ తెలిసి ఆవిడ ముందు ఎందుకు అబద్ధమాడావు?"

తుమెలో అతని చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"నువ్వు పిలిచావో లేదో నాకేం తెలుసు మొలెఫీ? బండ మొదటిసారి చిట్లినప్పుడు నీ డ్రిల్లు మోతలో నీకు వినపడలేదు... నాకు వినపడింది. నీకు చెప్పకుండా నేను దిగువ దారి పట్టాను."