చెరిసగం

టక్కుమని కత్తెర పడింది. మాత్రల స్ట్రిప్పు సరిగ్గా నడిమికి తెగింది.

"ఇది నీకు, ఇది నీకు" అంటూ అత్తగారు చెరో ముక్క కోడళ్ళ చేతుల్లో పెట్టింది. "నా కళ్ళకి ఇద్దరూ ఒకటే. రేపు నన్నెవరూ మాట అనకూడదు."

ఆ ఇంట్లో పంపకమంటే అంతే. గుడ్డముక్కైనా, దిండు గలీబులైనా, చివరికి కొత్త సబ్బుబిళ్ళైనా రెండు ముక్కలవ్వాల్సిందే. కొడుకులిద్దరూ లారీలెక్కి ఊళ్ళు తిరుగుతుంటే, అత్తాకోడళ్ళు ముగ్గురూ కలిసి కుట్టుకొట్టు నడుపుతున్నారు. కత్తెరకి కొదవేముంది?

కొట్టు ఇరుకు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీబల్ల, గోడనిండా వేలాడే బట్టలు. లేనిదల్లా బాత్రూమే. అవసరం పడితే ఇంటికి పరుగెత్తాలి, ఇల్లు చూస్తే నాలుగు వీధుల అవతల. అందుకని కోడళ్ళిద్దరూ పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టకుండా, ఎంత అవసరమైనా బిగపట్టుకుని కుట్టేవాళ్ళు.

అలా బిగపట్టీ బిగపట్టీ చిన్నకోడలికి మూత్రంలో మంట పట్టుకుంది. కూర్చోలేక, నిలబడలేక మెలికలు తిరిగిపోతుంటే అత్తగారే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు తెచ్చి, ఇంట్లో పడుకోబెట్టి, గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగిస్తూ పక్కనే కూర్చుంది.

సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చిన పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సేవ ఆమె చూడలేకపోయింది.

మొదట్నుంచీ ఇదే కడుపుమంట ఆమెకి. కొట్టు పెట్టిన కొత్తల్లో ఒంటిచేత్తో కుట్టింది తను. వేళ్ళు కాయలు కాసింది తనకి. మొన్నగాక మొన్న వచ్చిన చిన్నది జాకెట్ల మెడ చుట్టూ నాలుగు పూలు కుట్టేసరికి గిరాకీ అంతా అటు తిరిగింది. "ఆ చిన్నమ్మాయి చేత కుట్టించండి" అని పెద్దకోడలి మొహం మీదే చెప్పేవాళ్ళు. పళ్ళబిగువున భరించింది. ఇప్పుడు అత్తగారు కూడా ఆ మంచం పక్కనే చేరేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

పొత్తికడుపు పట్టుకుని గుమ్మానికి చేరబడింది.

"నాకూ అదే బాధత్తయ్యా, ఎన్నాళ్ళనుంచో. నాకొస్తే వేడి చేసిందంటారు. దానికొస్తే డాక్టర్ దగ్గరికి పరుగెడతారు."

అత్తగారు గతుక్కుమంది. "అయ్యో, నోరు విప్పి చెప్పొద్దుటే?"

చిన్నకోడలు మంచం మీంచే చెయ్యి చాపింది. "నా మాత్రల్లో నువ్వూ వేసుకో అక్కా. ఇద్దరం ఒక్కచోటే కూర్చుంటాం, ఒకటే జబ్బయ్యుంటుంది. కాకపోతే డాక్టరమ్మ మొత్తం వాడమంది..."

"మంట తగ్గాక మింగే మాత్ర దండగ" అని అత్తగారు తేల్చేసింది.

అప్పుడు పడింది కత్తెర.

మంట తగ్గింది. కొన్నాళ్ళకి చిన్నకోడలికి మళ్ళీ తిరగబెట్టింది. "నాకూ మొదలైంది" అంది పెద్దకోడలు. ఈసారి డాక్టరమ్మ దాకా వెళ్ళలేదు. మందుల షాపులో ఖాళీ స్ట్రిప్పు చూపించి అవే మాత్రలు తెచ్చారు. అదే కత్తెర, అదే పంపకం. ఆ తర్వాతసారీ అంతే.

విచిత్రమేమిటంటే, పెద్దకోడలు ప్రతిసారీ ఇట్టే లేచి మిషనెక్కేది. చిన్నకోడలు మాత్రం సారిసారికీ వాడిపోయింది.

"మా పెద్దదానికి మందు ఇలా వేస్తే అలా పడుతుంది. గట్టిపిండం. చిన్నదే ఉత్త సుకుమారం" అని అత్తగారు కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

పెద్దకోడలు తలొంచుకుని సూదిలో దారం ఎక్కించింది. ఇన్నేళ్ళకి ఆ ఇంట్లో తనకీ ఒక మెచ్చుకోలు దక్కింది. లోలోపల పొంగిపోయింది.

ఆఖరిసారి నొప్పి చిన్నకోడలి నడుముదాకా పాకింది. వణుకు, వాంతులు. ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరమ్మ పరీక్ష ఫలితం చూసి కళ్ళజోడు తీసేసింది.

"ఈ మాత్ర ఇక ఈ అమ్మాయికి పనిచెయ్యదు. దీని తర్వాత వాడేవీ పనిచెయ్యవు. జబ్బు కిడ్నీకి పాకింది. ఈ సూదిమందు కూడా పట్టకపోతే ప్రాణానికే ముప్పు. అసలు మాత్రలు ఒక్కసారైనా పూర్తిగా వాడారా?"

"చెరిసగం పంచానమ్మా" అంది అత్తగారు, కాస్త గర్వంగానే. "ఎవరికీ తక్కువ చెయ్యలేదు."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఇద్దరికీ తక్కువే చేశారు! సగం మందుకి చచ్చే క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. మళ్ళీ పెరిగేది ఆ మొండివే. ఇప్పుడు వాటికి మీ మాత్ర చాక్లెట్టుతో సమానం. మొదటిసారే ఈ అమ్మాయి మొత్తం మింగుంటే ఇంతదాకా వచ్చేది కాదు." పెద్దకోడలి వైపు తిరిగింది. "మీరూ సగమే వాడారుగా? మీకూ పరీక్ష చెయ్యాలి."

మంచం మీద చిన్నకోడలి ఎండిన పెదాలు కదిలాయి. "ముందు అక్కని చూడండమ్మా. తను లోపల ఎంత బాధ పడుతున్నా చెప్పుకోదు."

"బట్టలు తెస్తా" అంటూ పెద్దకోడలు బయటపడింది.

కాళ్ళు ఇంటికి కాకుండా కొట్టుకి నడిచాయి. షట్టరెత్తింది. చిన్నకోడలి మిషన్ మీద ఒక జాకెట్టు, దాని మెడ దగ్గర సగం కుట్టిన పువ్వు. ఆ పువ్వుని వేలితో తడిమింది. తర్వాత తన మిషన్ సొరుగు బయటికి లాగి, దారపు రీళ్ళన్నీ బల్ల మీద కుమ్మరించింది.

తనకి ఎన్నడూ రాని జబ్బుకి వాటాగా పుచ్చుకున్న సగం స్ట్రిప్పులన్నీ, ఒక్క మాత్ర కూడా తియ్యకుండా ఉన్నవి ఉన్నట్టే, ఆ రీళ్ళ మధ్యనుంచి జారిపడ్డాయి.