మెడ దాకా

బొమ్మ మెడ విరిగింది.

ఫొటో కోసం గౌను తొడుగుతుంటే ఆ నిలువెత్తు బొమ్మ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. తల ఒక మూలకి, మొండెం ఒక మూలకి.

"సరిపోయింది. ఇదొక్కటే తక్కువైంది" అంటూ అక్కడే కూలబడింది ఆమె.

పాత ఫ్యాషన్ బట్టలు ఏరి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం ఆమెది. దుకాణమంటే ఏముంది, ఇంటి వెనక గది. ఇస్త్రీ పెట్టె పట్టీ పట్టీ అరచేతులు బొబ్బలెక్కాయి. "ఉందా?" "తగ్గిస్తారా?" అనే మెసేజులకి జవాబులిచ్చి కళ్లు లాగేస్తున్నాయి. కొనే నాథుడు మాత్రం లేడు.

"ఆ గుడ్డలకో దండం పెట్టి ఉద్యోగం చూసుకోవే" అని అక్క ఫోన్లో ఒకటే సాధింపు. ఈ నెల చూసి మూసేద్దామని ఆమె కూడా మనసులో అనేసుకుంది. ఏం చేస్తుంది పాపం, ఎంతకని లాగుతుంది!

గుమ్మంలో ఎవరో దగ్గారు.

సన్నగా, పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ. చేతిలో సంచి, సంచిలో అమ్మడానికి తెచ్చిన పాత కోటు.

"పురుగు కొట్టేసింది పిన్నిగారూ. ఇది ఎవరూ కొనరు."

"పోనీలే అమ్మాయ్" అంటూ పెద్దావిడ కిందపడ్డ బొమ్మని చూసింది. "ఆ గౌను నాకు పడుతుందేమో. నిలబడమంటే నిలబడతాను."

వద్దనడానికి కూడా ఓపిక లేక ఆమె సరేనంది.

పెద్దావిడ గౌను తొడుక్కొచ్చి ఊరికే నిలబడింది, అంతే. ఒక భుజం కాస్త వాల్చి, చెయ్యి నడుం మీద వేసుకుంది. అదేం చిత్రమో, ఇన్నాళ్లూ చిలక్కొయ్యకి వేలాడిన ఆ గౌనుకి ప్రాణం వచ్చింది.

ముఖాన్ని తర్వాత కత్తిరించే పని కూడా ఎందుకని ఆమె ఫోన్ మెడ దాకానే పట్టి ఫొటో తీసింది.

టీ తాగేలోపు గౌను అమ్ముడుపోయింది.

ఆ రోజు నుంచి పెద్దావిడ వస్తూనే ఉంది. ఏమన్నా ఇవ్వబోతే పుచ్చుకునేది కాదు. "కాస్త టీ పొయ్యి, చాలు" అనేది. పార్సిళ్లు కదలడం మొదలయ్యాయి. అక్క సాధింపులూ తగ్గాయి.

గోడ మీద ఒక సబ్బు ప్రకటన ఉండేది, ఏనాటిదో పాత పత్రికలోంచి కత్తిరించి అంటించింది. చుక్కల గౌనులో ఒకమ్మాయి భుజం మీంచి వెనక్కి చూస్తూ పకపకా నవ్వుతోంది. ఆ ఫొటో చూసే ఆమెకి ఈ పాత బట్టల పిచ్చి పట్టింది. పార్సిళ్ల మీద అంటించే స్టిక్కరు కూడా ఆ ఫొటోయే.

"పిన్నిగారూ, ఓసారి ఆవిడలా తల తిప్పండి."

పెద్దావిడ గోడ వంక చూసి నవ్వింది. "ఇప్పుడలా రాదమ్మాయ్. మెడ పట్టేస్తుంది."

"అవున్లెండి. ఆవిడెక్కడ, మనమెక్కడ!"

పెద్దావిడ ఆ ఫొటో వంక ఇంకోసారి చూసింది. గౌను అంచు సర్దుకుంది.

ఒకరోజు వెళ్లబోతూ ఆగింది.

"అమ్మాయ్, నాకో ఫొటో ముఖంతో తియ్యవూ?"

"ముఖం కనిపిస్తే చూపు బట్ట మీద నిలవదు పిన్నిగారూ."

అసలు సంగతి అది కాదు. ముడతలు కనిపిస్తే బట్ట వయసు కూడా బయటపడుతుందని ఆమె భయం.

"అమ్మకానికి కాదులే. నాకే."

బయట కొరియరు అబ్బాయి బెల్లు మోగిస్తున్నాడు. పార్సిళ్లింకా కట్టనే లేదు. నడుం లాగేస్తోంది.

"రేపు తీద్దాం. సరేనా?"

"రేపే తీద్దువుగానిలే" అంది పెద్దావిడ.

ఆ రేపు ఇంకో రేపటికి జరిగింది. ఎప్పుడూ ముందు గౌన్లే, తర్వాతే మిగతావి. ఆ మాట పెద్దావిడ మళ్లీ ఎత్తలేదు, ఆమెకీ గుర్తు రాలేదు.

తర్వాత పెద్దావిడ రావడం మానేసింది. వంట్లో బాగా లేదేమో, చూసొద్దామనుకుంది ఆమె. ఇల్లెక్కడో ఏనాడూ అడగనే లేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. నాలుగు రోజులు ఎదురుచూసి కొత్త బొమ్మ కొనుక్కుంది.

ఒక మధ్యాహ్నం ఎవరో నడివయసు ఆవిడ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మా అమ్మ మీ దగ్గరికి వచ్చేదండీ. ఫొటోలకి నిలబడేది. మొన్న పోయింది."

ఆమె చేతిలో గౌను పక్కన పెట్టి కుర్చీ జరిపింది.

"ఇంట్లో పెట్టుకుందామంటే అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఫోన్ పైకెత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేసుకునేది. 'ఆ షాపమ్మాయి చక్కగా తీస్తుందే, దాని చేత తీయించుకుని తెస్తా' అంది. తీశారు కదా?"

ఆమె ఫోన్ తీసి తిప్పుకుంటూ పోయింది. ఎన్నెన్ని ఫొటోలు! భుజాలు, నడుం, గాజుల్లేని సన్నటి చేతులు. అన్నీ మెడ దాకానే.

"ముఖం... తీయలేదమ్మా. అడిగారు. నేనే రేపన్నాను" అని భోరుమంది.

కూతురు కళ్లు తుడుచుకుని తలెత్తింది. గోడ దగ్గరికి నడిచి, చుక్కల గౌను అమ్మాయి చెంపని వేలితో తడిమింది.

"ఇది అమ్మ నవ్వే! పెళ్లికి ముందు సబ్బు ప్రకటనకి దిగానని చెప్పేది, ఆ ఫొటో ఇదేనండీ... ఇంట్లోవన్నీ తాతయ్య కోపంతో చింపేశారని అమ్మ అనేది, ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"