ఎల్లేశం పట్టిన ఆకువక్క

“బగారన్నం పెద్ద డేగిసలనే వండాలె బిడ్డా. చిన్న గిన్నెలల్ల దమ్ము నిలువదు,” అన్నాడు ఎల్లేశం, గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే.

ఎదురుగా చాప మీద కూర్చున్న దయాకర్ నోటుబుక్కులో రాసుకున్నాడు. రామన్నపేటలోని ఆ ఇంటికి ఎల్లేశం చివరిసారి వచ్చి ఏడేళ్లయింది. అప్పుడు దయాకర్ పెళ్లికి వండడానికి పక్క ఊరి నుంచి వచ్చాడు. ఇప్పుడు ఇంట్లో మరో పెళ్లి ఉందని, ఏమేం వండాలో కాకే చెప్పాలని దయాకర్ ఆటో పంపి మరీ రప్పించాడు. పెళ్లికూతురి పేరు మనస్విని అన్నాడు. దయాకర్ చెల్లెలే అయి ఉంటుందనుకున్నాడు ఎల్లేశం. ఆ పెళ్లిలో రెండు జడలు ఊపుకుంటూ పొయ్యిల చుట్టూ తిరిగి, బూరెలు ఎత్తుకుపోయిన పిల్ల. పేరు మాత్రం గుర్తు లేదు. వంటవాడికి మనుషుల పేర్లకన్నా వాళ్ల నాలుకలే బాగా గుర్తుంటాయి.

వస్తూనే పిల్ల ఏదని అడిగాడు. పడుకుందనీ, జర మెల్లగా మాట్లాడమనీ దయాకర్ బతిమాలాడు. పొద్దెక్కినా లేవని పిల్ల రేపు అత్తగారింట్లో ఏం నెగ్గుకొస్తుందో అని ఎల్లేశం మనసులోనే నవ్వుకుని గొంతు తగ్గించాడు. ఆయన భార్య హనుమమ్మ మాత్రం నేరుగా లోపలి గదిలోకి పోయింది. చాలాసేపటికి చీరకొంగు నిండా సాంబ్రాణి వాసనతో వచ్చి పక్కన కూర్చుంది. శుక్రవారం కదా, పొగ వేసి ఉంటారు అనుకున్నాడు.

నిజానికి ఎల్లేశం రానన్నాడు. మూడేళ్లుగా ఆయన్ని పెళ్లికి పిలిచినవాళ్లే లేరు. ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, టోపీలు పెట్టుకున్న క్యాటరింగ్ వాళ్లు వచ్చారు, నిలబడి తినే తిండ్లు వచ్చాయి. దానికి తోడు గుండె. మూడు నరాలు మూసుకుపోయాయనీ, ఆపరేషన్ చేయించుకోకపోతే ఏడాది గడవడం కష్టమనీ దవాఖానలో చెప్పి, సోమవారం రమ్మని చీటీ రాసిచ్చారు. హనుమమ్మ బతిమాలింది, ఏడ్చింది, రెండు పూటలు అన్నం మానేసింది. ఆయన వినలేదు. అరవై ఏడేళ్ల ఒళ్లు కోయించుకుని ఎవరింటి పొయ్యి ముట్టించాలి, గంటె అటకెక్కాక వంటవాడు బతికితే ఎంత, పోతే ఎంత అనేవాడు. అలాంటి మనిషిని ఈ రోజు, పోదాం పట్టు అని తొందరపెట్టి తెచ్చింది ఆమే.

కానీ నోటుబుక్కు తెరిచేసరికి ఎల్లేశానికి ఏదో అయింది. పప్పుచారు అనగానే మరిగే చింతపండు వాసన ముక్కుకు తగిలింది. వంకాయ అనగానే నూనెలో ఉల్లిగడ్డ ఎర్రబడే చప్పుడు వినిపించింది. మూసిన కళ్ల ముందు పందిరి వెనక తవ్విన గాడిపొయ్యిలు, వాటి మీద మెల్లగా తేలే పొగ, పొగ అవతల మోదుగాకు విస్తర్ల ముందు బంతులు బంతులుగా కూర్చున్న జనం. ఎవరో పచ్చిపులుసు మరోసారి అడుగుతున్నారు. ఆ పొగలో నిలబడ్డ ఎల్లేశం చేతులు వణకడం లేదు. ఎంత హాయిగా ఉందో, కళ్లు తెరవబుద్ధి కాలేదు.

“పిల్లకేమిష్టం?” అని అడిగాడు ఆ మత్తులోనే.

దయాకర్ లోపలి గది వైపు చూశాడు. “పాలంటే పానం కాకా.”

“అయితే పాయసం నేనే కలుపుత. పాలు సగమైందాక మరగాలె. గా పని ఇంకొకలకు ఇయ్య.”

దయాకర్ లేచి పళ్లెంలో ఆకువక్క తెచ్చాడు. పెళ్లివంటకు ఒప్పుకున్నట్టు ఎల్లేశం చేతిరాత ఏమీ ఉండదు, ఆకువక్క పట్టడమే. పట్టాడంటే ఆ ఇంటి పొయ్యి ముట్టించి తీరాలి. ఒళ్లు కాలిపోయే జ్వరంతో కొల్లాపూర్ దాకా పోయి వండిన మనిషి. ఆ మాట ఒక్కసారి తప్పినా మళ్లీ గంటె ముట్టనని గురువు ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

“పట్టు కాకా. మా పిల్ల పెండ్లికి నీ చెయ్యే పడాలె.”

చాచిన చెయ్యి సగంలో ఆగింది. “ముహూర్తం ఎప్పుడు?”

“ఇంక పెట్టలే. ముందుగాల నువ్వు ఆపరేషన్ చేయించుకొని మంచిగ తిరుగు. అప్పటిదాక మా పిల్ల ఆగుతది.”

హనుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ కూడబలుక్కున్నారని ఎల్లేశానికి అర్థమైంది. కోపం రావాల్సింది. రాలేదు. టోపీల వాళ్లు ఇంతమంది ఉండగా, ఒక పెళ్లి తన కోసం ఆగుతానంటోంది. రెండు చేతులా ఆకువక్క అందుకుని కళ్లకద్దుకున్నాడు.

“సోమవారం పోదాం తియ్యి,” అన్నాడు భార్యతో, సంతకు పోదామన్నంత తేలిగ్గా. “ఎన్ని దినాలకు పొయ్యికాడ నిలబడొచ్చో డాక్టర్‌ను అడగాలె. నా కోసం పిల్లను శాన దినాలు ఆపుడు మంచిది గాదు.”

హనుమమ్మ ఏడుస్తూనే నవ్వింది. దయాకర్ తల వంచుకుని నోటుబుక్కు మూశాడు.

మాట ఇచ్చిన చేత్తోనే పిల్లకు దీవెన కూడా ఇచ్చిపోతానని ఎల్లేశం మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. లోపలి గది తలుపు మెల్లగా తోశాడు. దయాకర్ భార్య ప్రియాంక తలకు గుడ్డ కట్టుకుని, మంచం మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి పక్కకు జరిగింది.

ఉయ్యాలలో నలభై రోజుల పెళ్లికూతురు ఆవులించింది.