పరాయోళ్ల బిడ్డ

బెల్టు రెండోసారి లహరి భుజమ్మీద పడింది. పెదవి అప్పటికే చిట్లి నెత్తురు కారుతోంది.

"నన్నడక్కుండా నంద్యాలకు పోయి పాస్‌పోర్టుకు అర్జీ పెడతావా? ముక్కూ మొగం తెలీనోళ్లింట్లో నెల్లాళ్లు ఉంటావా?" ఓబుల్ రెడ్డి కూతురి మీద మళ్లీ చెయ్యెత్తాడు.

"ఎలెనాను వాళ్ల నాయన మనింటికి పంపలేదా? ఈ ఎండాకాలం ఆ పాప ఈడుంటే, వచ్చే ఎండాకాలం నేను ఇటలీలో వాళ్లింట్లో ఉండాల. కాలేజీవోళ్లు ముందే చెప్పిరి గదా నాయనా!"

"వాళ్లకు సిగ్గు లేకుంటే నాకూ లేదనుకుంటాండావా?"

జుట్టు పట్టి ఆమె తలను గోడకేసి కొట్టాడు. వంటింట్లో లహరి తల్లి మిక్సీ ఆపలేదు. ఆ ఇంట్లో దెబ్బల చప్పుడు కొత్త కాదు.

మేడ మీద నుంచి ఎలెనా పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆ అమ్మాయిని ఆళ్లగడ్డంతా తిప్పి, "మా రెండో కూతురు" అని అందరికీ చెప్పుకున్నాడు ఓబుల్ రెడ్డి. లహరిని చూసి ఆమె కూడా ఆయన్ను నాయనా అనే పిలుస్తోంది.

"నన్నూ కొట్టు నాయనా," అంది వచ్చీరాని తెలుగులో. "నేనూ నీ కూతురు."

లేచిన చెయ్యి ఆగిపోయింది. ఓబుల్ రెడ్డి బెల్టును వీపు వెనక దాచుకున్నాడు.

"నిన్నెట్లా కొడతానమ్మా? పరాయోళ్ల బిడ్డవి. రేపు మీ నాయనకు ఏం జవాబు చెప్పాల?"

గోడవార కూలబడిన లహరి ఆ మాట విన్నది. ఆ చేతికి ఆగడం కూడా వచ్చని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

నెత్తురు తుడుచుకుని లేచి నిలబడింది.

"నన్ను పంపు నాయనా," అంది. "ఆడ నేనూ పరాయోళ్ల బిడ్డనే."