మాజీ భార్య పూచీకత్తు

మాజీ భార్యను ఎలాగైనా అమెరికా పౌరురాలిని చేసి తీరాలని ఎలీహియో పథకం వేశాడు. ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు. కొత్త భార్యను తెచ్చుకోవాలంటే ఈవిడ అడ్డుగా ఉంది.

ఆ సంగతి బయటపెట్టింది డోన్యా నెరెయిదా. అమెరికాలోని లారెన్స్ ఊళ్లో, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్లలో సగం మంది వలస కాగితాలు నింపేది ఆవిడే.

“నీ కొత్త పెళ్లాం యుదెల్కాకి గ్రీన్ కార్డు రావాలంటే ఆ పిల్లని నువ్వు పోషించగలవని చూపించాలి నాయనా. నీ పన్ను కాగితం చూస్తే నిన్నే ఎవరో పోషించాలనిపిస్తోంది,” అందావిడ.

ఎలీహియో తల గోక్కున్నాడు. సెలూన్ పెట్టిన నాటి నుంచీ సంపాదనలో సగం కాగితం మీదా, సగం జేబులోనూ వేసుకున్న పుణ్యం అది.

“ఇద్దరికి సరిపోదా అమ్మా?”

“ఇద్దరికైతే అవుతుంది. మీరు ముగ్గురు. మూడోది ఫియోర్దలీసా.”

“మేం విడిపోయి పన్నెండేళ్లయింది కదమ్మా.”

“నువ్వు వదిలేశావు, గవర్నమెంటు వదల్లేదు. అప్పట్లో ఆవిణ్ణి తెచ్చుకునేటప్పుడు పోషిస్తానని సంతకం పెట్టావు. ఆ పూచీ విడాకులతో పోదు. ఆవిడ పౌరురాలైనా అవ్వాలి, పన్ను లెక్కలోకొచ్చే పని పదేళ్లయినా చేసుండాలి, లేకపోతే పోవాలి. మూడోదాని గురించి ఆలోచించకు.”

రెండోదాని గురించీ ఆలోచించే పని లేదనుకున్నాడు ఎలీహియో. ఫియోర్ వచ్చిన కొత్తలోనే తన మేనత్త బ్యూటీ పార్లర్‌లో చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. పార్లరన్నాక డబ్బు చేతికిస్తారు, కాగితమెవరిస్తారు? పోనీ ఇంకొకరి చేత పూచీ ఇప్పిద్దామంటే అతని స్నేహితులందరూ జేబులో షావుకార్లు, కాగితం మీద బికార్లు. ఇక మిగిలింది పౌరసత్వమే.

“ఒక్క మాట,” అంది నెరెయిదా. “ఈ పూచీ ఉన్నన్నాళ్లూ నాకు గడవట్లేదని ఆవిడ కోర్టుకెక్కొచ్చు. ఈ సంగతి ఆవిడ చెవిన పడనివ్వకు.”

ఆదివారం పొద్దున్నే ఎలీహియో గిన్నె నిండా మంగూ పట్టుకెళ్లి ఫియోర్ తలుపు తట్టాడు. పచ్చి అరటికాయలు ఉడికించి, మెత్తగా మెదిపి, పైన ఉల్లిపాయలు కూడా వేశాడు.

“ఎవరు పోయారు?” అంది ఫియోర్, తలుపు సగమే తీసి.

“ఎవరూ పోలేదు. ఇన్నేళ్లయినా పౌరసత్వానికి పెట్టుకోలేదేమా అని నీ గురించే బెంగ.”

“పన్నెండేళ్లలో ఏనాడూ లేని బెంగ ఇవాళే పుట్టిందా?”

“వయసు మీద పడుతోంది కదా.”

“ఫీజెవరు కడతారు? చదువెవరు చెబుతారు?”

“నేను లేనూ?”

ఆమె గిన్నె వంక చూసింది, అతని వంక చూసింది, తలుపు పూర్తిగా తీసింది.

ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం అతను వంట చేయడం, ఆమె తింటూ వంకలు పెట్టడం. మధ్యలో చదువు.

“సెనేటర్లు ఎంతమంది?”

“నీ అబద్ధాలకన్నా తక్కువే.”

“వందమంది. రాసుకో.”

“నువ్వే రాయి. నా చేతికి నూనె అంటుకుంది.”

సెలూన్‌లో ఆటపట్టించని వాడు లేడు. కొత్త పెళ్లాం ఫోన్‌లో, పాత పెళ్లాం భోజనాల బల్ల దగ్గర, నీ జాతకమే జాతకమనేవారు. డొమినికన్ దేశంలోని బనీ ఊరి నుంచి యుదెల్కా కూడా ఒకసారి ఫోన్‌లో కసురుకుంది. “నా వీసా ఏమైందంటే సెనేటర్ల గురించి చెబుతావేంటి?”

ఫియోర్ మొదటిసారి పరీక్ష తప్పింది. ఎలీహియో కారులో కూర్చుని నిజంగానే ఏడ్చాడు. రెండు నెలల్లో ఇంకొక్క అవకాశం ఉంటుంది, అదీ పోతే ఫీజు కట్టి మళ్లీ మొదలెట్టాల్సిందే. ఆ రెండు నెలలూ ఆదివారానికి బుధవారం కూడా కలిపాడు. ఇంగ్లీషుకి పంతులమ్మను పెట్టించాడు. మంగూ స్థానంలో మాంసం, దుంపలు వేసి సాంకోచో కాచాడు.

రెండోసారి ఆమె ఒక్క తప్పు లేకుండా గట్టెక్కింది.

ఫియోర్ పౌరురాలిగా ప్రమాణం చేసిన రోజు ఎలీహియో కోటు తొడుక్కుని, పూలగుత్తి పట్టుకుని వెళ్లాడు. బయటికొచ్చాక నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఆ సర్టిఫికెట్ కాపీ ఒకటి ఉంటే…”

“యుదెల్కా కాగితాలకేనా?”

ఎలీహియో ముఖం తెల్లబోయింది. “నీకెప్పటి నుంచి తెలుసు?”

“వంటింటి వైపే రాని వాడివి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే తెలీదా? ఆ సాయంత్రమే కనుక్కున్నాను.”

“మరి కోర్టుకెక్కలేదే?”

“ఏడాదిపాటు వండి పెట్టినవాడి మీద కోర్టుకెక్కుతానా? నేనంత పాపిష్టిదాన్ని కాదు.” సంచిలోంచి ఓ కవరు తీసి అతని చేతిలో పెట్టింది. “దీన్ని నెరెయిదాకివ్వు. నీ పెళ్లాన్ని తెచ్చుకుని సుఖంగా ఉండు.”

ఎలీహియోకి కళ్లు చెమర్చాయి. ఇంత మంచి మనిషిని చేజేతులా పోగొట్టుకున్నానే అని ఇన్నేళ్లలో మొదటిసారి అనిపించింది. ఆమె బస్సెక్కి వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత కవరు విప్పాడు.

అందులో పౌరసత్వం ఊసే లేదు. మేనత్త పార్లర్‌లో ప్రతి డాలరుకీ పన్ను కడుతూ ఫియోర్దలీసా తన పదేళ్ల పనీ నాలుగేళ్ల కిందటే పూర్తి చేసిందని, అంటే ఎలీహియో గిన్నె పట్టుకెళ్లే నాటికే అతని పూచీ తీరిపోయిందని తేల్చే సర్కారు కాగితం ఉంది.