నాన్న లేటు

"నీ మార్కులతో మాకు పేచీ లేదమ్మా. మెరిట్ స్కాలర్‌షిప్పులు అయిపోయాయి, అదీ సంగతి" అన్నాడు ట్రస్టు పెద్దాయన, కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతూ.

అమ్మాయి కుర్చీ అంచుకి జరిగింది. రేపు సాయంత్రంలోగా యూనివర్సిటీలో ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. పొద్దుటినుంచీ కారిడార్లో ఇనప కుర్చీ అరగదీసింది ఈ మాట వినడానికా?

"ఇంకేదైనా దారి చూడండి సార్."

"దారంటే పెద్దవాళ్లతో మాట్లాడాలి. దరఖాస్తు మీద కూడా మీ అమ్మ సంతకమే ఉంది. మీ నాన్నగారేరి?"

అమ్మాయి తలుపు వంక చూసింది. పది నిమిషాల్లో నీ ముందుంటానని ఫోన్లో చెప్పి గంట దాటింది. మహానుభావుడి పత్తా లేదు.

"నాన్న లేటండీ" అంది.

పెద్దాయన పక్కనే కూర్చున్న మేడం, ఎక్కడో లెక్చరర్‌గా రిటైరైనావిడ, పెన్ను కింద పెట్టేసింది.

"అయ్యో తల్లీ. ఎప్పట్నించమ్మా?"

"నాకు ఊహ తెలిసినప్పట్నించీ అంతేనండీ. మొదట్లో మా అమ్మ బాగా ఏడ్చేదట. ఇప్పుడు అలవాటు పడిపోయింది."

మేడం కళ్లు చెమర్చాయి. మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. నాన్న టైముకి రాకపోతే తనకి మంచినీళ్లెందుకో అమ్మాయికి అంతుబట్టలేదు. అయినా దాహంగా ఉంది కాబట్టి అందుకుంది.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ" పెద్దాయన గొంతు మెత్తబడింది. "తండ్రి పోయిన పిల్లలకని మా దగ్గర వేరే గ్రాంటుంది. నాలుగేళ్లూ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, అన్నీ మావే. ఈ ఏడు ఇంకా ఒక్కరికి మిగిలింది."

అమ్మాయి బిత్తరపోయి ఆయన వెనక గోడ వంక చూసింది. అక్కడ ట్రస్టు పెట్టిన ఆసామి ఫోటో ఉంది. ఆయన పేరుకి ముందు పెద్దక్షరాలతో రాసి ఉంది: లేట్.

చేతిలో గ్లాసు తొణికి నీళ్లు ఒళ్లో పడ్డాయి.

"అది కాదు సార్, నేనన్నది..."

"నాలుగేళ్లూనమ్మా" మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంక నువ్వు దేనికీ వెతుక్కోనక్కర్లేదు. చదువుకోవడమే నీ పని."

తెరిచిన నోరు మూతపడింది. ఛీ, ఇదేం బుద్ధే నీకు అనుకుంది అమ్మాయి. అనుకుందే గానీ పెదవి విప్పలేదు.

"మా దగ్గర కాగితాల గోల లేదు" అన్నాడు పెద్దాయన. "మీ ఇంటి పెద్దవాళ్లెవరైనా వచ్చి, ఈ పిల్లకి తండ్రి లేడని నోటితో ఒక్క మాట చెబితే చాలు. మాటే మాకు కాగితం."

అప్పుడే తలుపు తోసుకుని పడుతూ లేస్తూ ఒకాయన వచ్చాడు. ఒంటి మీద లిఫ్టు మెకానిక్ యూనిఫాం, మోచేతుల దాకా గ్రీజు. చంకలో ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి. మార్చుకునే తీరిక దొరికినట్టు లేదు.

"లేటయిపోయానండీ, ఏమనుకోకండి. లిఫ్టులో ఒక ముసలావిడ ఇరుక్కుపోతే బయటికి తీసేసరికి..." ఆయాసంతో ఆగాడు. "అంతా అయిపోయిందా తల్లీ?"

"ఎవరమ్మా ఈయన?" అన్నాడు పెద్దాయన.

అమ్మాయి నాన్న మొహం చూడలేదు. ఆ చొక్కా వంక చూసింది.

"మా మావయ్య సార్. మా అమ్మకి తమ్ముడు."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. కూతురు ఆటపట్టిస్తోందనుకుని నాన్న నవ్వబోయాడు. ఆమె తలెత్తకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"వేరే చెప్పాలా, అచ్చు గుద్దినట్టు మేనమామ పోలిక" అంది మేడం. "సరిగ్గా సమయానికి వచ్చారండీ."

ఆయన్ని ఒకరు ఆ మాట అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"కూర్చోండి" అన్నాడు పెద్దాయన. "ఇది తండ్రి పోయిన పిల్లలకిచ్చే గ్రాంటు. అమ్మాయి చెప్పింది మేం నమ్మాం. కానీ పెద్దవాళ్ల నోట కూడా వినడం మా పద్ధతి. మీరు అవునంటే ఈ పిల్ల నాలుగేళ్ల చదువూ మా పూచీ."

ఆయన కూర్చోలేదు. చంకలో చొక్కా జారి నేల మీద పడ్డా వంగి తీసుకోలేదు.

కాదని చెప్పెయ్ నాన్నా అనుకుంది అమ్మాయి. మరుక్షణమే, చెప్పకు అనుకుంది.

"అవునండీ" అన్నాడాయన చివరికి. "ఈ పిల్లకి తండ్రి లేడు."

మేడం నిట్టూర్చింది. "పాపం. మీ బావగారు పోయి ఎన్నాళ్లయిందండీ?"

ఆయన కూతురి వంక చూశాడు.

"ఇప్పుడేనండీ."