వెనక్కి రాని తెల్లబంతి

తెల్లబంతి వెనక్కి రాకపోయేసరికి కరిముల్లా గుండె జారిపోయింది.

పూల్ టేబుల్ మీద ఎర్రబంతి గుంటలో పడింది. దాన్ని కొట్టిన తెల్లబంతి గిర్రున తిరుగుతూ వెనక్కి, అతని ముందుకు రావాలి. క్యూ కర్రని బంతి అడుగుభాగాన తగిలించి, దాన్ని అలా వెనక్కి లాగడంలో బెజవాడ మొత్తమ్మీద కరిముల్లాకి సాటి లేరు. అలాంటిది, బంతి ముందుకే దొర్లి ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

"బంతి అలిగినట్టుందండీ," అంటూ నాగబాబు కౌంటర్ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. భవానీపురంలోని ఆ పూల్ పార్లర్ అతనిదే. రాష్ట్ర పోటీలకి వెళ్లే జట్టులో ఇంకా ఒక్క చోటు మిగిలింది. అది కరిముల్లాదేనని అందరికీ తెలుసు. పేరు ఈ సాయంత్రంలోగా పంపాలి.

కర్ర చివరి తోలుబిళ్ల చూశారు. బాగానే ఉంది. దానికి రాసే చాక్ మార్చారు. టేబుల్ మీది గుడ్డ మొన్న వేయించిందే. పక్కకి తిప్పితే బంతి వింటోంది, ముందుకి తోస్తే వింటోంది. వెనక్కి మాత్రం రానంటోంది.

"నువ్వొకసారి కొట్టరా," అన్నాడు కరిముల్లా మేనల్లుడితో.

తండ్రి పోయాక షబ్బీర్ పెరిగింది మేనమామ ఇంట్లోనే. ఆట నేర్పిందీ ఆయనే, చేతిలో కర్ర పెట్టిందీ ఆయనే. ఎంత బాగా ఆడినా, ప్రతిసారీ ఆయన తర్వాతే. షబ్బీర్ బంతికంటిన చాక్ పొడిని చొక్కా అంచుతో తుడిచి, టేబుల్ మీద పెట్టి కొట్టాడు. తెల్లబంతి పిలిచినట్టు వెనక్కి వచ్చింది.

షబ్బీర్ బంతిని మళ్లీ తుడిచి అందించాక కరిముల్లా కొట్టాడు. రాలేదు.

కరిముల్లా తన కుడిచేతి వంక చూసుకున్నాడు. వానాకాలంలో ఓసారి అది మొద్దుబారి వేలాడిపోయింది. పక్షవాతం అంచుదాకా వచ్చి వదిలిందనీ, మళ్లీ రావచ్చనీ డాక్టరు హెచ్చరించాడు.

ఒక్కోరోజు అంతేనని నాగబాబు సర్దిచెప్పబోయాడు.

"కర్ర కాదు, గుడ్డ కాదు. ఇక మిగిలింది నేనే గదండీ," అన్నాడు కరిముల్లా. "వీడి పేరు పంపేయండి."

నాగబాబు ఫోన్ తీసి షబ్బీర్ పేరు పంపేశాడు.

మెట్లు దిగుతూ కరిముల్లా బండి తాళాలు షబ్బీర్‌కిచ్చాడు. ఈ చేతిని నమ్మి ఇక బండి నడపలేనన్నాడు. సబీహాకి మాత్రం చెప్పొద్దన్నాడు. మొగుడికి మళ్లీ పక్షవాతం వస్తోందని తెలిస్తే ఆవిడ కంటిమీద కునుకుండదు.

తర్వాత తన కర్రని ఎడంచేత్తో ముందుకు చాపాడు.

"ఇదీ నీదేరా. నేనెప్పుడో పక్కకి తప్పుకోవాల్సింది. ఇన్నాళ్లూ నీకు అడ్డంగా నిలబడ్డాను."

షబ్బీర్ కర్ర అందుకోలేదు. మెట్టు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తన కోసమే ఏడుస్తున్నాడనుకుని కరిముల్లా పక్కన కూర్చున్నాడు. ఎడంచేత్తోనే వాడి తల నిమిరాడు.

"ఊరుకోరా. నేనింకా ఉన్నాగా."

షబ్బీర్ తలెత్తలేదు.

"మీ చేతికేం కాలేదు మామూ, తుడిచే వంకతో బంతి మార్చేసి, మీకు వెనక్కి రాని బరువు బంతి పెట్టింది నేనే."